డ్రాస్‌ని తెలుగులో ఏమనాలి: మష్టా, మడ్డా, తెట్టా? అసలు ఆ మాట ఎక్కడిది?

అనువాదాల_అప్పారావు
గాల్వనైజింగ్ షెడ్డు, అంటే ఇనుప సామానుని కరిగిన జింకు తొట్టిలో ముంచి పూత వేసే చోటు, ఒకదానికి భద్రతా సూచనల పుస్తకం తెలుగులోకి తేవాలి. ఇంగ్లీషులో నాలుగు మాటలు విడివిడిగా ఉన్నాయి: డ్రాస్, యాష్, స్కిమ్మింగ్స్, స్లాగ్. పాత అనువాదంలో నాలుగింటికీ "చెత్త" అనే కొట్టేశారు. ఇప్పుడది ఇలా ఉంది: "చెత్తను ప్రతి ముంపుకు ముందు తీయవలెను. చెత్తను వారమునకొకసారి తీయవలెను. పని జరుగుచుండగా చెత్తను కదిలించరాదు." చదివినవాడు తియ్యాలా, వదిలెయ్యాలా? డ్రాస్ అంటే కచ్చితంగా ఏమిటి, ఆ మాట పుట్టుక ఏమిటి, తెలుగులో దేన్ని వాడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి_గాలి
"ప్రతి ముంపుకు ముందు" అంటే ఊరు ఖాళీ చెయ్యమంటున్నారేమో అనుకున్నా. ముందు ఆ మాట మార్చండి.

జింకు_బాబాయ్
పాత అనువాదం ప్రమాదకరం, నవ్వులాట కాదు. ఆ మూడు వాక్యాల్లో మొదటిది యాష్ గురించి, మిగతా రెండూ డ్రాస్ గురించి.

యాష్ తొట్టి పైన తేలుతుంది. కరిగిన జింకు గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. ఇనుప సామాను మీద పూసిన ఫ్లక్స్, అంటే మురికిని పట్టి విడదీసే మందు (ఇక్కడ జింక్ అమ్మోనియం క్లోరైడ్), వేడికి పొగ కక్కి కొంత అందులో కలుస్తుంది. బూడిద రంగు, తేలిక. సామాను ముంచే ముందు ఓసారి, బయటికి లాగే ముందు ఇంకోసారి పారతో పక్కకి నెట్టాలి. లేకపోతే పైకొచ్చే సామానుకి అంటుకుని మచ్చలు పడతాయి. మీ పుస్తకంలో స్కిమ్మింగ్స్ అన్నది ఇలా పక్కకి తీసిన యాష్‌నే.

డ్రాస్ తొట్టి అడుగున కూర్చుంటుంది. అది ఆక్సైడ్ కాదు, ఇనుమూ జింకూ కలిసిన గట్టి స్ఫటికం. ఒక ఇనుము అణువుకి పదమూడు జింకు అణువులు. దాని సాంద్రత 7.2 దరిదాపుల్లో, కరిగిన జింకుది 6.6. తేడా తక్కువ కాబట్టి గంటల తరబడి మెల్లగా దిగుతుంది, కదిపితే అంతే సులువుగా లేస్తుంది. లేచిన స్ఫటికాలు సామాను పూతలో ఇరుక్కుని చెయ్యి పెడితే ఇసుక కాగితంలా తగులుతాయి. అందుకే "కదిలించరాదు".

పదకోశం_పురుగు
పుట్టుక గురించి. ఇది ఇంగ్లీషు సొంత మాట, ఫ్రెంచి లాటిన్ల నుంచి తెచ్చుకున్నది కాదు. పాత ఇంగ్లీషులో "ద్రోస్", ఓకారం దీర్ఘం. లోహం కరిగించేటప్పుడు తేలే మురికి అని అర్థం. దాని పక్కనే "ద్రోస్న" అని ఇంకో రూపం ఉంది, అడుగున దిగిన మడ్డి అని అర్థం. జర్మన్‌లో ద్రూజెన్, డచ్‌లో ద్రూసెమ్ అంటే ఇప్పటికీ ద్రాక్షసారా పీపా అడుగున మిగిలే మడ్డే. మూలధాతువు "బురద చెయ్యడం, కలక చెయ్యడం" అన్న అర్థంలోది అని చెబుతారు.

అంటే మాట పుట్టింది అడుగు మడ్డి నుంచి. లోహం దగ్గరికి వచ్చేసరికి పైన తేలేదానికి కూడా అదే పేరు పెట్టారు. లోహం అన్నిటికన్నా బరువు కాబట్టి దాని మురికి చాలాసార్లు పైకి వస్తుంది. బాబాయ్ చెప్పిన జింకు తొట్టిలో మాత్రం మాట మళ్లీ అడుక్కి దిగింది.

"పనికిరానిది, తుక్కు" అన్న సాధారణ అర్థం లోహపు అర్థం తర్వాత, పదిహేనో శతాబ్దానికి స్థిరపడింది. స్కాట్లండులో బొగ్గు నలుసుల్ని కూడా డ్రాస్ అంటారు.

దేవభాష_దాసు
సంస్కృతంలో ద్రవం, ఇంగ్లీషులో డ్రాస్. ద్రవలోహం నుంచి వచ్చేది కాబట్టి ద్రవస్ → ద్రోస్ → డ్రాస్. ఇందులో చర్చ ఏముంది?

పదకోశం_పురుగు
ఉంది. సంస్కృతంలో మాట మొదట్లో "ద" ఉంటే ఇంగ్లీషు సొంత మాటల్లో "ట" రావాలి. ద్వి: టూ. దశ: టెన్. దంత: టూత్. ఇంగ్లీషులో "డ" ఉండాలంటే సంస్కృతం వైపు "ధ" ఉండాలి. విధవా: విడో. మధు: మీడ్, అంటే తేనె కల్లు. కాబట్టి ద్రవం డ్రాస్‌కి చుట్టం కాదు. ద్రవం పరిగెత్తడం అన్న ధాతువు నుంచి వచ్చింది, బురదతో దానికి సంబంధం లేదు.

గోదారి_గాలి
ద్రవస్ పరిగెత్తుకుంటూ లండన్ వెళ్లాడు, అక్కడ వీసా దొరకలేదు.

దేవభాష_దాసు
సరే, ద ధ విషయం ఒప్పుకుంటా. కానీ దీర్ఘ ఓకారం ఎక్కడ పోయింది? పాత ఇంగ్లీషు "గోస్" ఇప్పుడు గూస్ అయింది. ఆ లెక్కన ఇది డ్రూస్ కావాలి కదా?

పదకోశం_పురుగు
మంచి ప్రశ్న. దీర్ఘంగానే కొనసాగి ఉంటే డ్రూసే అయ్యేది. ఆ మార్పు రాకముందే హ్రస్వమైపోయింది. గూస్ పక్కనే గాస్లింగ్, అంటే బాతుపిల్ల, చూడండి. అదే మాట, ఒకచోట దీర్ఘం మిగిలింది, ఇంకోచోట పోయింది.

పుటం_పెట్టి
తెలుగు మాట వెతుక్కోనక్కర్లేదు, వందేళ్లకు పైగా ఇళ్లలో చదువుతున్న పుస్తకంలోనే ఉంది. తెలుగు బైబిలు సామెతల గ్రంథం 25వ అధ్యాయం 4వ వచనంలో వెండిలో నుంచి తీసెయ్యాల్సిన దాన్ని "మష్టు" అన్నారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో అదే చోట డ్రాస్ ఉంది. యెషయా 1:22లో కూడా ఇదే జంట. మష్టు అని రాసెయ్యండి, అయిపోయింది.

జింకు_బాబాయ్
మష్టు అంటే నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలేది కాదూ? నూనె డబ్బా అడుగున పేరుకునేదీ అదే. వెండి మురికికి అదెలా కుదిరింది?

పదకోశం_పురుగు
అదే కదా అందం. మష్టు కూడా డ్రాస్ నడిచిన దారినే నడిచింది. నిఘంటువుల్లో మష్టు అంటే మొదటి అర్థం అడుగున దిగే కల్కం, మడ్డి. లోహానికి వాడేసరికి తీసి పారేసే మురికి అయింది. సంబంధం లేని రెండు భాషలు వంటింటి అడుగు నుంచి కొలిమికి ఒకే దారిలో వెళ్లాయి.

పుటం_పెట్టి
వెండి విషయంలో నిజానికి అది పైకీ రాదు, అడుక్కీ పోదు. పక్కలకి ఇంకిపోతుంది. పాతకాలపు పుటం ఇలా: మురికి వెండికి బరువులో దానికన్నా ఎక్కువ సీసం కలుపుతారు. ఎముకల బూడిదతో చేసిన లోతు తక్కువ మూకుడులో పెట్టి కరిగించి పైనుంచి గాలి ఊదుతారు. సీసం ఆక్సైడ్ అయి 888 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి లాంటివి కూడా ఆక్సైడ్లై అందులో కలుస్తాయి. ఆ ద్రవాన్ని ఎముక బూడిద స్పంజిలా పీల్చుకుంటుంది. వెండి ఆక్సైడ్ కాదు, బూడిద దాన్ని పీల్చదు, కాబట్టి గుండులా మిగులుతుంది. సీసం చివరి పొర పోగానే గుండు మీద రంగులు గిర్రున తిరిగి ఒక్కసారి మెరుస్తుంది. అప్పుడు ఆపాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మూకుడు సరిగా ఆరకపోతే లోపలి తడి ఆవిరై వెండి చిమ్ముతుంది. వేడి చాలకపోతే సీసం ఆక్సైడ్ పైన గడ్డకట్టి మూతలా కప్పేస్తుంది, ఇక పని ముందుకు పోదు. బంగారం ఉంటే అది కూడా వెండితోనే మిగిలిపోతుంది, ఆ రెంటినీ విడదీయడానికి ఆసిడ్ కావాలి.

గోదారి_గాలి
నగల కొట్లో మష్టు అనరు, "తరుగు" అంటారు. అది పైకీ రాదు, అడుక్కీ పోదు, బిల్లులోకి పోతుంది.

సత్తు_గిన్నె
అల్యూమినియం గురించి ఎవరూ చెప్పలేదు. అక్కడ డ్రాస్ పైనే తేలుతుంది, జింకుకి పూర్తిగా ఎదురు. కాబట్టి "డ్రాస్ అంటే అడుగు మడ్డి" అని పుస్తకంలో ఖాయం చేశారంటే రేపు అల్యూమినియం ఫౌండ్రీ వాడు అడుగున గోకుతూ కూర్చుంటాడు.

అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. పైన క్షణాల్లో ఆక్సైడ్ పొర కడుతుంది. పొర చిరిగి, ముడతపడి, మళ్లీ కట్టి, మధ్యలో మంచి లోహపు బొట్లను సంచుల్లా మూసేస్తుంది. పైనుంచి తీసిన తెట్టులో సగానికి సగం మంచి లోహం ఉండటం మామూలే. దాన్ని అలాగే తీసి ట్రేలో పోస్తే అది మండుతూనే ఉంటుంది. తెల్లగా ధగధగలాడుతోందంటే మీ లోహమే కాలిపోతోందని.

తియ్యడానికి ముందు ఉప్పు ఫ్లక్స్ చల్లాలి. వంట ఉప్పు ఒక్కటే 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పొటాషియం క్లోరైడ్ ఒక్కటే 770 దగ్గర. రెంటినీ 44కి 56 బరువు పాళ్లలో కలిపితే 660 దగ్గరే కరిగిపోతుంది, అంటే అల్యూమినియంతో సమానంగా. అందుకే మిశ్రమం వాడతారు. అందులో కొంచెం క్రయొలైట్ లాంటి ఫ్లోరైడ్ ఉంటే ఆక్సైడ్ సంచి పగిలి బొట్లు కిందికి జారతాయి. చల్లి, తెడ్డుతో తెట్టును మాత్రమే మెల్లగా కలపాలి, కింది లోహాన్ని కెలక్కూడదు. తడి పిండిలా ఉన్నది పొడి మట్టిలా రాలుతుంది. అప్పుడు చిల్లుల తెడ్డుతో గోడవారకి లాగి, ఒక నిమిషం ఒరిగించి పట్టుకుని, లోహం కారాక బయటికి తియ్యాలి.

అనువాదాల_అప్పారావు
సత్తు గిన్నె గారూ, తియ్యాల్సింది అడుగునా పైనా అన్నదే ముఖ్యమైతే, నాలుగు మాటలకి నాలుగు తెలుగు మాటలు ఇలా పెట్టొచ్చా: పైన తేలేది తెట్టు, అడుగున దిగేది మడ్డి, పొడిలా ఉండేది బూడిద, స్లాగ్ మాత్రం తెలియట్లేదు.

నైట్‌షిఫ్ట్
తెట్టు అంటే తేనెతెట్టు గుర్తొస్తుంది బ్రో. కుట్టుద్దేమోనని దగ్గరికి పోరు.

జింకు_బాబాయ్
భయపడి దూరంగా ఉంటే మంచిదే, 450 డిగ్రీల తొట్టి అది. "చెరువు మీద తెట్టు కట్టింది" అని ఊళ్లో అందరూ అంటారు, ఎవరికీ తేనె గుర్తు రాదు. తెట్టు, మడ్డి రెండూ బాగున్నాయి.

ఉక్కు_టౌన్‌షిప్
స్లాగ్‌ని వీటితో కలపొద్దు. అది మురికి కాదు, కావాలని తయారుచేసేది. ఇనుప ఖనిజంలో ఇసుక, అల్యూమినా ఉంటాయి. అవి ఒంటరిగా కరగాలంటే విపరీతమైన వేడి కావాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో సున్నపురాయి వేస్తాం. సున్నం ఇసుకని పట్టుకుని సులువుగా కరిగే గాజులాంటి ద్రవం అవుతుంది. ఇనుము కన్నా చాలా తేలిక కాబట్టి దాని మీద విడి పొరగా నిలబడుతుంది, గంధకాన్ని కూడా కొంత లాక్కుంటుంది. సున్నం తగ్గితే గంధకం ఇనుములోనే ఉండిపోతుంది, మరీ ఎక్కువైతే స్లాగ్ చిక్కబడి కదలదు.

డ్రాస్ అనుకోకుండా ఏర్పడేది, ఆ లోహం తాలూకు సొంత ఆక్సైడో స్ఫటికమో, సగం గట్టిగా ముద్దలా ఉంటుంది. స్లాగ్ ఫ్లక్స్ వేసి చేయించుకునేది, పూర్తిగా ద్రవం, వంపితే కారుతుంది.

పారేసేదీ కాదు. నీళ్ల ధారతో ఒక్కసారిగా చల్లారిస్తే గాజు రవ్వ అవుతుంది, మెత్తగా నూరితే సిమెంటు గుణం వస్తుంది. విశాఖ ఉక్కు రవ్వ సిమెంటు ఫ్యాక్టరీలకే పోతుంది. ఐఎస్ 455 అనే భారత ప్రమాణం ప్రకారం స్లాగ్ సిమెంటులో అది 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు. మెల్లగా ఆరనిస్తే మాత్రం స్ఫటికాలు కట్టి రాయి అయిపోతుంది, ఆ గుణం పోతుంది, రోడ్డు కంకరకి పనికొస్తుందంతే.

చిట్టెపురాయి
స్లాగ్‌కి తెలుగు మాట లేదనుకుంటున్నరా? చిట్టెం. ఇనుప చిట్టెం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దిక్కు, ఇంకా తెలంగాణల ఇనుము తీసిన పాత ఊర్లన్నిట్ల చేన్లల్ల నల్లగ, బరువుగ, బుడగలు పొంగి గడ్డకట్టినట్టు రాళ్లు దొరుకుతయి. వాటిని చిట్టెం రాళ్లంటరు. కోనసముద్రం మూసల్ల చేసిన ఉక్కుకు పేరువడ్డ ఊరు.

ఆ చిట్టెం మీ విశాఖ స్లాగ్ లెక్క కాదు. పాత కొలిమిల సున్నం వెయ్యరు. ఇసుకను పట్టుకునుడుకు ఇనుప ఆక్సైడే ఫ్లక్స్ అవుతది. రెండు కలిసి 1200 డిగ్రీల దరిదాపుల కరుగుతయి, కారి అడుగున గడ్డ కడుతయి. కొలిమిల ఇనుము కరగదు, స్పంజి ముద్ద లెక్క ఉంటది, సుత్తెతో కొట్టి మిగిలిన చిట్టెం పిండుతరు. ఇనుమే ఫ్లక్స్ కాబట్టి చిట్టెంల సగం దాకా ఇనుమే పోతది. చేతిల పట్టుకుంటె మామూలు రాయి కన్నా బరువు అందుకే.

పుటం_పెట్టి
ఆయుర్వేదంలో మండూరం అంటే అదే చిట్టెం. కిట్టం అని సంస్కృతం. పాతదయ్యే కొద్దీ మంచిదంటారు: నూరేళ్లు దాటింది ఉత్తమం, 80 ఏళ్లది మధ్యమం, 60 ఏళ్లది అధమం, అంతకన్నా కొత్తది విషంతో సమానం అని రసశాస్త్రం లెక్క. ఎర్రగా కాల్చి గోమూత్రంలో ముంచడం ఏడుసార్లు, ఆ తర్వాత నూరి పుటాలు. పొలంలో దొరికిన రాయిని ఇంట్లో నూరుకుని మింగకండి, అందులో ఏ లోహం ఎంతుందో కంటికి కనపడదు.

చిట్టెపురాయి
గది కరెక్ట్.

పదకోశం_పురుగు
చిట్టెం వచ్చింది కాబట్టి సిండర్ చెప్పాలి. అది కూడా పాత ఇంగ్లీషు మాటే, "సిందర్", అర్థం అచ్చంగా చిట్టెం. ఇప్పుడు బొగ్గు కాలాక మిగిలే కణికల్ని అంటున్నారు. స్పెల్లింగు మొదట "ఎస్"తోనే ఉండేది. ఫ్రెంచిలో బూడిదకి సాంద్ర్ అనే మాట ఉంది, లాటిన్ నుంచి వచ్చింది. రెండూ ఒకటే అనుకుని "సి" పెట్టేశారు. చుట్టరికం లేదు, స్పెల్లింగు మాత్రం పెళ్లి చేసింది.

ఇంగ్లండు పడమటి వైపు ఫారెస్ట్ ఆఫ్ డీన్ అడవిలో రోమన్ల కాలపు చిట్టెం కుప్పలు పేరుకుని ఉండేవి. అక్కడ సిండర్‌ఫర్డ్ అనే ఊరే ఉంది. తర్వాత బ్లాస్ట్ ఫర్నేసులు వచ్చాక ఆ కుప్పల్ని తవ్వుకెళ్లి మళ్లీ కరిగించి ఇనుము తీశారు. చిట్టెపురాయి గారు చెప్పిందే కారణం, పాత కొలిమి చాలా ఇనుముని చిట్టెంలోనే పారేసింది.

స్లాగ్ అనే మాట మాత్రం పాత ఇంగ్లీషుది కాదు, ఉత్తర జర్మనీ గని పనివాళ్ల నుంచి పదహారో శతాబ్దంలో వచ్చింది. కొట్టడం అన్న ధాతువు అంటారు, సుత్తెతో కొడితే రాలేది. అగ్నిపర్వతపు బుడగరాయిని స్కోరియా అంటారే, దానికి గ్రీకులో లోహపు మురికి అని అర్థం. ఆ మాట "స్కోర్" నుంచి వచ్చింది, స్కోర్ అంటే పెంట.

గోదారి_గాలి
క్రికెట్ చూస్తూ ఇక స్కోరెంత అని ఎవర్నీ అడగను.

పదకోశం_పురుగు
ఆ స్కోర్ వేరు. కర్ర మీద పెట్టే గాటు, నార్స్ అనే పాత స్కాండినేవియా భాష నుంచి వచ్చింది. నిశ్చింతగా అడగండి.

నైట్‌షిఫ్ట్
బాబాయ్, డ్రాస్ ఎందుకు ఎక్కువవుతుంది? ఒక కిలో ఇనుము కలిస్తే 25 కిలోల జింకు పోతుందని విన్నా. మీరు చెప్పిన ఒకటికి పదమూడు లెక్కతో అది ఎలా?

జింకు_బాబాయ్
అణువుల లెక్క వేరు, బరువు లెక్క వేరు. ఇనుము అణుభారం 55.85, జింకుది 65.38. పదమూడు జింకులు 850. 850ని 55.85తో భాగిస్తే 15.2. స్ఫటికంలోనే కిలో ఇనుముకి 15 కిలోల జింకు చిక్కుకుంటుంది. తీసేటప్పుడు స్ఫటికాల మధ్య ఇరుక్కున్న మంచి జింకు కూడా మడ్డి తోడే స్కూప్‌లో వచ్చేస్తుంది, దాంతో 25 అవుతుంది. మొదటి 15 కెమిస్ట్రీ, దాన్నేం చెయ్యలేం. మిగతా 10 తీసేవాడి చేతిలో ఉంది.

ఇనుము మూడు దారుల్లో వస్తుంది. తొట్టి గోడ నుంచి, ముంచిన సామాను నుంచి, ఆసిడ్ తొట్టి నుంచి. మూడోదే చాలామంది వదిలేసేది. తుప్పు కడిగిన ఆసిడ్‌లో ఇనుప లవణం నిండా ఉంటుంది. సామాను తీశాక నీళ్లలో సరిగా ఝాడించకపోతే అది ఫ్లక్స్‌లోకి, అక్కణ్ణించి జింకులోకి పోతుంది. పైపుల్లో, మూలల్లో నిలిచిన ఆసిడ్ ఒంపకుండా తీసుకొస్తే మరీ. ఫ్లక్స్ ద్రావణం ఎర్రమట్టి నీళ్లలా మారిందంటే అడుగున డ్రాస్ పెరుగుతోందని అర్థం.

ఇంకోటి, వేడి ఊగిసలాట. 450 డిగ్రీల దగ్గర జింకు 0.03 శాతం ఇనుమునే కరిగించుకుంటుంది. వేడి పెరిగితే ఇంకొంచెం కరుగుతుంది, తగ్గితే ఆ ఎక్కువైనదంతా స్ఫటికమై రాలుతుంది. రోజూ ఎక్కించి దించితే రోజూ గోడని తిని అడుగున పోసినట్టే. 480 దాటితే గోడ అరుగుదల మరీ ఎక్కువ.

సత్తు_గిన్నె
రేకులకి ఆగకుండా జింకు పూసే పెద్ద లైన్లలో తొట్టిలో 0.15 నుంచి 0.2 శాతం అల్యూమినియం కలుపుతారు. అక్కడ ఇనుము జింకుని వదిలి అల్యూమినియంతో జతకడుతుంది. ఆ స్ఫటికం సాంద్రత 4 పైచిలుకు, కాబట్టి తేలుతుంది. అదే జింకు తొట్టి, అదే డ్రాస్ అన్న పేరు, కానీ పైన. మీ పుస్తకం ఏ రకం షెడ్డుకో ముందు కనుక్కోండి.

అనువాదాల_అప్పారావు
స్తంభాలు, యాంగిల్స్, గ్రిల్స్ విడివిడిగా ముంచే షెడ్డు. మడ్డి తీసే పద్ధతి పేజీ కూడా ఉంది. వరస ఎవరైనా చెబుతారా, అనువాదంతో పోల్చుకుంటా.

జింకు_బాబాయ్
ముంచే పని ఆపాలి. వేడి మాత్రం ఆపకూడదు, పని ఉష్ణోగ్రతలోనే తొట్టిని ఒక రాత్రి కదపకుండా వదలాలి. పొద్దున పైన బూడిద తీసెయ్యాలి. స్కూప్‌ని తొట్టి అంచు మీద పెట్టి బాగా వేడెక్కించాలి, రంధ్రాల్లో, అతుకుల్లో తడి చుక్క ఉండకూడదు. తడి స్కూప్ జింకు కిందికి వెళ్లిందంటే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై జింకుని పైకి ఎగజిమ్ముతాయి. ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అది.

నిలువుగా, మెల్లగా అడుగు దాకా దించి, నేల వెంబడి లాగాలి. గోడలకి తగలనివ్వద్దు. గోడకి ఇనుము-జింకు పొర ఒకటి అంటుకుని ఉంటుంది, అదే గోడని కాపాడేది. గోకేస్తే కొత్త ఇనుము బయటపడి మళ్లీ కరుగుతుంది. పైకి లేపాక జింకు మట్టానికి కాస్త పైన పట్టుకుని కారనివ్వాలి, ఒకటి రెండుసార్లు తట్టాలి. నేను పైన అన్న 10 కిలోలు మిగిలేది ఇక్కడే. తర్వాత పొడి అచ్చుల్లో పోసి దిమ్మలు చెయ్యాలి. అయ్యాక వెంటనే పని మొదలెట్టకూడదు, లేచిన మడ్డి మళ్లీ దిగాలి.

వారానికోసారి అన్నది పుస్తకం మాట, అసలు లెక్క మట్టం. తొట్టిని పక్కల నుంచి కాలుస్తారు. మడ్డి మట్టం మంట తగిలే గోడ దాకా పెరిగితే అక్కడ వేడి జింకులోకి పోలేక గోడలోనే నిలిచి ఎర్రబడుతుంది. తొట్టి చిల్లు పడేది అలాగే. అడుగు దాకా ఇనుప కడ్డీ దించి చూస్తే మట్టం తెలుస్తుంది, మెత్తని నేల తగిలినట్టు ఆగుతుంది.

ఉక్కు_టౌన్‌షిప్
కడ్డీ కూడా వేడి చేసే దించాలని రాయండి, లేకపోతే అదే ఇంకో తడి స్కూప్.

సత్తు_గిన్నె
అల్యూమినియం తెట్టు నిల్వ గురించి కూడా ఎక్కడైనా రాస్తే బావుణ్ణు. కరిగేటప్పుడు గాలిలోని నత్రజనితో కలిసి నైట్రైడ్ కూడా తయారవుతుంది. దానికి నీళ్లు తగిలితే అమోనియా. వాన పడ్డప్పుడు డ్రాస్ కుప్ప మూత్రశాలలా ఘాటుగా కొడుతుందంటే అదే. లోపలి సన్నని అల్యూమినియం పొడి నీళ్లతో హైడ్రోజన్ ఇస్తుంది, అది అంటుకుంటుంది. పైకప్పు, గాలి ఆడే చోటు, పొడి నేల ఉండాలి. మంట పుడితే నీళ్లు కొట్టొద్దు, పొడి ఇసుకో పొడి ఉప్పు ఫ్లక్సో కప్పాలి.

పదకోశం_పురుగు
మాట దగ్గరికి వస్తే, సాహిత్యం తెలుగు చేస్తున్నప్పుడు డ్రాస్‌కి మష్టు పెట్టండి, బైబిలు తెలిసినవాళ్లకి ఆ బరువు అందుతుంది. షెడ్డులో మాత్రం ఎక్కడుందో చెప్పే మాటే కావాలి. ఇంగ్లీషు వెయ్యేళ్లుగా పైదానికీ కిందిదానికీ ఒకే మాటతో నెట్టుకొస్తోంది. తెలుగులో తెట్టు, మడ్డి విడివిడిగా ఉన్నాయి, వాడుకోవడమే.

నైట్‌షిఫ్ట్
షెడ్డులో కుర్రాళ్లు తెట్టూ అనరు, మడ్డీ అనరు. "డ్రాసు" అనే అంటారు. "డ్రాసు పట్టింది", "డ్రాసు తియ్యి". పుస్తకంలో వేరే మాట కనపడితే ఇది ఇంకేదో అనుకుంటారు.

అనువాదాల_అప్పారావు
రెండూ పెడుతున్నా. ఇలా రాశాను:

"పైన తేలే బూడిదను సామాను ముంచే ముందు ఒకసారి, తీసే ముందు ఒకసారి పక్కకు నెట్టాలి. అడుగున దిగే మడ్డిని, అంటే డ్రాసును, సామాను ముంచుతున్నంతసేపు కదపకూడదు. మడ్డిని వారానికి ఒకసారి, తొట్టిని రాత్రంతా కదపకుండా ఉంచిన తర్వాతే తీయాలి. ఎండలో ఆరబెట్టిన గరిటెనే వాడాలి."

స్లాగ్ ఉన్న చోట చిట్టెం పెట్టా.

జింకు_బాబాయ్
"ఎండలో ఆరబెట్టిన" కొట్టెయ్యండి. ఎండకి పైతడి పోతుంది, అతుకుల్లోది పోదు. "తొట్టి అంచున పెట్టి బాగా వేడెక్కించిన" అని రాయండి. గరిటె అనకండి, చదివినవాడికి సాంబారు గరిటె కనపడుతుంది. స్కూప్ అంటేనే తెలుస్తుంది.

ఉక్కు_టౌన్‌షిప్
గాల్వనైజింగ్ షెడ్డులో అసలు స్లాగ్ రాకూడదే. ఆ పేజీలో స్లాగ్ అన్నది దేన్ని?

అనువాదాల_అప్పారావు
ఇప్పుడే చూశా. "వెల్డింగ్ స్లాగ్ పూర్తిగా తొలగించిన తర్వాతే ముంచాలి" అని ఉంది.

ఉక్కు_టౌన్‌షిప్
అది వెల్డింగ్ రాడ్డు పూత కరిగి అతుకు మీద కట్టే గాజు పెంకు. ఆసిడ్‌కి కరగదు, దాని మీద జింకు పట్టదు, అక్కడ నల్లమచ్చ మిగులుతుంది. చిప్పింగ్ సుత్తెతో కొట్టి, వైర్ బ్రష్ వెయ్యాలి. అక్కడ చిట్టెం అని రాస్తే వెల్డరు పొలంలో వెతుకుతాడు. "వెల్డింగ్ పెంకు" అనండి.

చిట్టెపురాయి
నేనైతే చిట్టెమే అంటుంటి. సరే, పెంకు రాయున్రి.